బాదామ్ బుడ్ఢా హోగయా

మైపాడులో ఒక హామ్‌స్టర్‌కి ముసలితనం వచ్చింది, గుండె జబ్బు కూడా చేసింది అంటే నవ్వేవాళ్లే ఎక్కువ. మా వీధంతా నవ్వింది. ఒడ్డున వలలు బాగుచేసుకుంటూ కూర్చునే ఒక పెద్దాయన నన్ను ఆపి, "ఏంది సార్, ఎలక్కి ఈసీజీ తీపిస్తన్నారంటగా" అని అడిగాడు. ఈసీజీ తీయించలేదు గానీ, నెల రోజులుగా మా ఇంట్లో జరుగుతున్నది ఇలాజే. మందు, పరహేజ్, రాత్రి పహరా, దువా, అన్నీ ఉన్నాయి.

బాదామ్ మా చిన్నమ్మాయిది. రెండేళ్ల కింద రంజాన్ ఈద్‌కి చెన్నై నుంచి వచ్చిన మా ఖాలా కొడుకు, ఈదీ అని చెప్పి ఒక అట్టపెట్టె దాని చేతిలో పెట్టాడు. బాదం పొట్టు రంగు ఒళ్లు, నల్లపూసల్లాంటి కళ్లు, తోక ఉందో లేదో అన్నట్టు. పేరు ఆ నిమిషంలోనే కుదిరింది. మా అమ్మీ మాత్రం రెండడుగులు వెనక్కి వేసి, "చూహే కూ ఘర్ మే పాల్తే క్యా రే?" అంది. ఆమె గుస్సాకి దలీల్ ఉంది. ఎహ్రామ్‌లో ఉన్నవాళ్లు సైతం చంపొచ్చని హదీస్‌లో చెప్పిన ఐదు జాన్వర్లలో ఎలుక ఒకటి. దీపం వత్తి లాక్కెళ్లి ఇల్లు తగలబెడుతుందనే హెచ్చరిక కూడా హదీస్‌లోనే ఉంది. ఇది ఆ ఎలుక కాదమ్మీ, దూరపు చుట్టం అంటే, "దూర్ కా రిష్తేదార్ భీ రిష్తేదారీచ్" అని కొట్టిపారేసింది. చివరికి మూడు షరతుల మీద సులహ్ కుదిరింది. జానమాజ్ పరిచే గదిలోకి పంజరం రాకూడదు. దాన్ని పట్టుకున్న చేత్తో వంటింట్లోకి రాకూడదు. తనని ముట్టుకోమని ఎవరూ అడగకూడదు.

ఆ చుట్టరికం సంగతి తేల్చుకుందామని చదవడం మొదలుపెడితే కథ హలబ్ దాకా వెళ్లింది. హలబ్ అంటే అలెప్పో. టీవీలో శిథిలాలుగా మనం చూసి ఏడ్చిన షహర్. ఈ బంగారు రంగు హామ్‌స్టర్ వతన్ అదే. 1839లో లండన్‌లో వాటర్‌హౌస్ అనే శాస్త్రవేత్త హలబ్ నుంచి వచ్చిన నమూనా చూసి దీన్ని కితాబుల్లోకి ఎక్కించాడు. 1930లో అహరోనీ అనే జంతుశాస్త్రవేత్త హలబ్ దగ్గరి పొలాల్లో కూలీల చేత తవ్వించి, ఒక తల్లినీ పదకొండు పిల్లల్నీ బయటికి తీశాడు. వాటిని జెరూసలేంలోని హీబ్రూ యూనివర్సిటీకి చేర్చారు. కొన్ని చచ్చిపోయాయి, కొన్ని పారిపోయాయి. మిగిలిన ఆ కాసిని ప్రాణాల నుంచే ఇవాళ దునియా అంతా ఇళ్లల్లో ఉన్న ఈ రకం హామ్‌స్టర్లు దాదాపు అన్నీ పుట్టాయి. అంటే మా బాదామ్ ఖాందాన్ హలబ్ ఖాందాన్. ఈ మాట చెప్పాక అమ్మీ ముఖంలో కొంచెం ఇజ్జత్ కనిపించింది. "షామ్ కా హై బోలో" అంది. ఆ గడ్డ మీద బర్కత్ ఉందని నమ్మే మనిషి మరి.

అసలు ఎందుకు పట్టారు అంటే, కాలా అజార్ కోసం. సాల్ అడ్లర్ అనే పరిశోధకుడు ఆ మర్జ్ మీద పనిచేస్తూ, ప్రయోగాలకి చైనా హామ్‌స్టర్లు తెప్పించుకునేవాడు. అవి పంజరంలో పిల్లల్ని పెట్టేవి కావు. దగ్గర్లో దొరికే రకం కావాలన్నాడు. కాలా అజార్ మన బెంగాల్, బీహార్ పల్లెల్ని తుడిచిపెట్టిన జ్వరం. దాని క్రిమిని 1903లో గుర్తించిన ఇద్దరిలో ఒకడు, డోనోవన్, మన పక్కన మద్రాస్‌లోనే పనిచేశాడు. అప్పట్లో నెల్లూరు జిల్లా మద్రాస్ కిందిదే. మద్రాస్ వెటర్నరీ కాలేజీ మొదలైంది కూడా అదే 1903లో. మనుషుల ఇలాజ్ కోసం నేల తవ్వి తెచ్చిన నసల్ ఇది. ఈ హిసాబ్ పెట్టుకుంటే, దానికి ఓ చుక్క మందు పట్టడం పిచ్చి ఎలా అవుతుందో ఎవరైనా చెప్పాలి.

వీటి ఉమ్ర్ రెండేళ్లు, మహా అయితే మూడు. రెండు దాటితే మన లెక్కలో డెబ్బై దాటినట్టే. మే నెల మొదట్లో బాదామ్ చక్రం ఎక్కడం మానేసింది. రాత్రి పూట ఆ చక్రం గరగర లేకపోతే ఇల్లు వింతగా అనిపించింది. తర్వాత పొట్ట పెరిగింది. బాగా తింటోందని పిల్ల ఖుషీ పడింది గానీ, భుజాల దగ్గర ఎముకలు తేలి, పొట్ట మాత్రం ఉబ్బింది. పడుకున్నప్పుడు డొక్కలు గబగబా ఎగిరిపడుతున్నాయి.

మా వైపు పశువుల డాక్టర్లకి గేదెలు, గొర్రెలు తెలుసు. నెల్లూరు గొర్రెకి దేశమంతా పేరుంది కదా. హామ్‌స్టర్‌ని పట్టుకుని వెళితే ఎవరైనా ఏం చేస్తారు? ఇక్కడికి పాతిక కిలోమీటర్ల దూరంలో, నెల్లూరులో కుక్కల్ని, పిల్లుల్ని చూసే ఒక డాక్టరమ్మ ఉంది. డాంబికం లేని మనిషి. "నేను చదివినప్పుడు దీని గురించి ఒక పేజీ ఉండింది. చెన్నైలో మా క్లాస్‌మేట్ వీటినే చూస్తాడు, ఉండండి" అని అక్కడికక్కడే ఫోన్ కలిపింది. పసిపిల్లలకి వాడే స్టెతస్కోప్ పెట్టి చాలాసేపు విన్నది. ఆరోగ్యంగా ఉన్నప్పుడే దీని గుండె నిమిషానికి మూడు నాలుగు వందల సార్లు కొట్టుకుంటుందట. ఇప్పుడు ఆ గుండె అలిసిపోయింది, పొట్టలో చేరింది నీరు అని చెప్పింది. ముసలి హామ్‌స్టర్లలో ఇది మామూలే, నయం కాదు, సుకూన్ మాత్రం ఇవ్వొచ్చు. నీరు లాగే మందు రాసింది. ఫ్రూసెమైడ్.

ఆ పేరు వినగానే అమ్మీ తన మందుల డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. "యే తో మేరీచ్ గోలీ హై!" నిజమే. డెబ్బై మూడేళ్ల మా అమ్మీకి కాళ్ల వాపులకి నాలుగేళ్లుగా అదే మందు. ఆ రోజు నుంచి మూడు షరతులూ ఎటు పోయాయో! పంజరం అమ్మీ మంచం పక్కకి వచ్చింది. జానమాజ్ మాత్రం పక్క గదికి మారింది. రాత్రి ఇషా తర్వాత బాదామ్ లేచే టైం. వెంటనే తూకం. స్టీల్ డబ్బాలో పెట్టి వంటింటి కాటా మీద చూస్తాం. మామూలు బరువు 128 గ్రాములు. డాక్టరమ్మ దగ్గరికి వెళ్లిన రోజు 146. మందు మొదలయ్యాక ఎనిమిది రోజులకి 133. బరువు తగ్గితే మంచిది, పెరిగితే నీరు చేరుతున్నట్టు. ఈ ఉల్టా లెక్క మా పిల్లకి పట్టుబడింది. నోట్‌బుక్‌లో తారీఖుల వారీగా రాస్తోంది. దాని పక్క పేజీలో దాదీ కాళ్ల వాపు కూడా రాయడం మొదలుపెట్టింది. అమ్మీ మందు మానేసిన రోజు ఇప్పుడు దాగదు.

ఇలాంటి జాన్వర్ మీ ఇంట్లోనూ ఉంటే ఒక మాట చెప్పాలి. మనింట్లో మిగిలిన గోలీలు విరిచి పెట్టే అలవాటు మనకి జాస్తి. నాకూ మెడికల్ షాపు కుర్రాడు "అమాక్సిసిలిన్ సిరప్ రెండు చుక్కలు వేయండన్నా" అన్నాడు. డాక్టరమ్మ విని భయపడిపోయింది. పెన్సిలిన్ జాతి మందులు, అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్ లాంటివి, హామ్‌స్టర్ కడుపులోని మంచి క్రిముల్ని చంపేస్తాయి. చెడ్డవి పెరిగి విషం కక్కుతాయి. కొద్ది రోజుల్లో ప్రాణం పోతుంది. మనకి షిఫా అయింది దానికి జహర్. నీరు లాగే మందు కూడా డాక్టరు తూకం చూసి లెక్కకట్టి ఇచ్చిందే పట్టాలి. అమ్మీ గోలీలో ముక్క దాని మొత్తం ఒంటికి ఎక్కువ.

మిగతాదంతా ఇంటి పనే. చక్రం తీసేశాం. పంజరంలో పై అంతస్తు తీసేశాం, ఎక్కి పడకుండా. నీళ్ల సీసా కిందికి దించాం. గింజలు కొరికే ఓపిక లేదు కనక తడిపిన ఓట్స్, ఉడికిన గుమ్మడికాయ, గుడ్డు తెల్లసొన చిటికెడు. అన్నిటికన్నా కష్టమైంది రోహిణీ కార్తె. ముప్పై డిగ్రీలు దాటితేనే ఇవి తల్లడిల్లుతాయి, ఇక్కడేమో నలభై. సముద్రం పక్కనే ఉన్నా పొద్దుటి పూట పడమటి గాడ్పు కొడితే మైపాడు కూడా పొయ్యే. మధ్యాహ్నం సముద్రం గాలి తిరిగే దాకా ప్రాణాలు అరచేతిలో. కరెంటు పోతే పగిలిన కుండ పెంకు తడిపి నీడలో పెట్టేవాళ్లం, అది వెళ్లి దాని మీద పొట్ట ఆనించి పడుకునేది. రొయ్యల గుంటల దగ్గర పనిచేసే మా పక్కింటి అబ్బాయి, మొదట్లో నవ్వినవాడే, ఏరియేటర్ల బ్యాటరీతో నడిచే చిన్న ఫ్యాన్ తెచ్చి బిగించి పోయాడు.

రెండోసారి వెళ్లినప్పుడు డాక్టరమ్మ మెల్లగా ఇంజెక్షన్ సంగతి ఎత్తింది. నొప్పి లేకుండా నిద్రపుచ్చే దారి ఉందని. పిల్ల నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇంటికొచ్చాక మా హజ్రత్‌ని అడిగాను. నవ్వలేదాయన, అందుకే ఆయన దగ్గరికి వెళ్తాను. ఈ మసలాలో ఉలమాల మధ్య ఇఖ్తిలాఫ్ ఉందన్నారు. తక్లీఫ్ తీరే ఆశ లేనప్పుడు జాయిజ్ అనేవాళ్లు ఉన్నారు, తిండీ నీళ్లూ నీడా ఇచ్చి అల్లాహ్‌కి వదిలేయమనేవాళ్లూ ఉన్నారు. "అది మీ చేతికొచ్చిన అమానత్. పిల్లిని కట్టేసి ఆకలితో చంపిన ఆడమనిషికి ఏమైందో తెలుసుగా" అని అంతటితో ఆపారు. డాక్టరమ్మని మళ్లీ అడిగితే ఒక నిషాన్ చెప్పింది. చేతి వాసనకి లేచి తిండి దగ్గరికి వచ్చినన్నాళ్లు ఆగండి. ముఖం తిప్పుకుని, కూర్చోలేక, నోరు తెరిచి శ్వాస లాగుతుంటే ఆలస్యం చేయకండి. ఇంతవరకూ వస్తోంది. నెమ్మదిగా వస్తోంది, మధ్యలో ఆగి వస్తోంది, కానీ వస్తోంది.

పిల్ల ఏడుస్తుంటే చుట్టాల్లో ఒకరు "చూహే కే లియే రోతే క్యా, ఇంకోటి కొనిస్తార్లే" అన్నారు. అప్పుడు అబూ ఉమైర్ కథ చెప్పాను. హజ్రత్ అనస్ తమ్ముడు, పసివాడు. వాడి దగ్గర నుఘైర్ అని ఒక చిన్న పిట్ట ఉండేది. అది చచ్చిపోయింది. ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం ఆ ఇంటికి వచ్చి, దిగులుగా ఉన్న పిల్లాణ్ణి పెద్దమనిషిని పిలిచినట్టు పేరుపెట్టి పిలిచి, నీ నుఘైర్‌కి ఏమైంది అని అడిగారు. బుఖారీలోనూ ముస్లింలోనూ ఉన్న హదీస్. ఇబ్నుల్ ఖాస్ అనే షాఫీ ఆలిమ్ ఈ ఒక్క సంఘటన నుంచి అరవై ఫాయిదాలు తీసి ఒక రిసాలానే రాశారు. నాకు వాటిలో ఒక్కటి చాలు. ఇంకో పిట్ట కొనిస్తాలే అని అక్కడెవరూ అనలేదు.

ఇప్పుడు ముహర్రం. నెల్లూరులో స్వర్ణాల చెరువు దగ్గర, బారాషహీద్ దర్గాలో రొట్టెల పండుగ. ఇది దీన్‌లో లేదనేవాళ్లు ఉన్నారు, మా ఇంట్లోనే ఇద్దరున్నారు. ఆ బహస్ ఇక్కడ పెట్టను. పిల్ల మాత్రం ఆరోగ్య రొట్టె తీసుకుందామని పట్టుబట్టింది. రూపాయి ఖర్చు లేదు కదా, సరే అన్నాను. బయల్దేరే ముందు దానికే అనుమానం వచ్చింది. మన్నత్ తీరితే వచ్చే ఏడు మళ్లీ వచ్చి ఆ రొట్టె వేరేవాళ్లకి ఇవ్వాలి కదా. "అబ్బా, వచ్చే ముహర్రంకి బాదామ్‌కి మూడేళ్లు దాటిపోతాయి. అప్పుడు ఎలా?" అని నా ముఖంలోకి చూసింది. నేను చెప్పులు వెతుక్కుంటున్నాను.

అమ్మీ మంచం మీద నుంచే అంది. "తూ లే బేటా. అగ్లే సాల్ మై దేతూం."

వెళ్లొచ్చేసరికి రాత్రి పదకొండు. అమ్మీ నిద్రపోలేదు, బాదామ్ కూడా. కాటా మీద పెడితే 137.