వాన వెలిశాక చూడు బాబాయ్!

మొగల్రాజపురంలో కొండ మెట్లెక్కితే బెజవాడ ఎంత బాగా కనిపిస్తుందో! ఆ వ్యూ కోసమే బాబాయి ఇక్కడ స్థలం కొంటానంటున్నాడు. కానీ 2024 ఆగస్టు 31న భారీ వర్షాలకి ఇక్కడే బండరాళ్లు జారి ఇళ్ల మీద పడ్డాయి. ప్రాణాలు పోయాయి.

పైకి రాయి గట్టిగానే కనిపిస్తుంది. పగుళ్లలోకి నీరు దిగితే పట్టు సడలుతుంది. ఇంటి కోసం వాలు అడుగున తవ్వేస్తే పైనున్న మట్టికి ఊతం పోతుంది.

అందుకే బాబాయితో అన్నాను: "స్థలం ఎండాకాలంలో కాదు, పెద్ద వాన వెలిశాక చూడు. చెట్లు ఒరిగాయా? పక్కిళ్ల గోడలు బీటలిచ్చాయా? ఊట ఎక్కడొస్తోంది? పైన వదులు బండలున్నాయా? రిటైనింగ్ వాల్‌కి నీళ్లు పోయే రంధ్రాలున్నాయా? ఆ తర్వాత జియోటెక్నికల్ ఇంజినీర్‌తో మట్టి, రాయి పరీక్ష చేయిద్దాం."

అడ్వాన్స్ మాట ఆ రిపోర్టు వచ్చాకే.