మేడ్చలు సకినములు, శామీరుపేట చెఱువుగట్టు

గడచిన పుష్యమాసమున, సంక్రాంతికి ఇంకను పదునైదు దినములుండగా, మేము మేడ్చలునకు బోయి వచ్చితిమి. దైవదర్శనమునకు గాదు, చుట్టపుచూపునకును గాదు. మా పినతల్లి కూతురు ఇంటియొద్దనే సకినములు, గరిజెలు చేసి యమ్మ నారంభించినది. సరకు మంచిదే, కొనువారే కఱవైరి. ఫోనులో చిన్న వీడియోలు తీసి పదిమందికి జూపెడివారిచేత జెప్పించినచో నమ్ముడుపోవునని యెవరో యామెకు జెప్పిరి. "ఒకసారి మోసపోయిన అక్కా, ఈసారి మీరు పక్కకుంటెనే నాకు ధైర్యం" అని యామె ఫోనులో ననగా మేము బయలుదేరక తప్పలేదు.

సికింద్రాబాదునుండి మేడ్చలునకు బోయినపల్లి, కొంపల్లి మీదుగా నాగపూరు రహదారి యున్నది. 2023 ఏప్రిలునుండి ఎమ్‌ఎమ్‌టీఎస్ రైళ్లును అచ్చటివఱకు నడచుచున్నవి. మేము పోవునపుడు బస్సే యెక్కితిమి. అదే సంవత్సరము డిసెంబరు 9 మొదలు ఈ రాష్ట్రమున స్త్రీలకు ఆర్టీసీ సాధారణపు బస్సులలో టిక్కెట్టు సొమ్ము లేదు గదా! మావారొక్కరే రూకలిచ్చి టిక్కెట్టు పుచ్చుకొని మావైపు గుఱ్ఱున జూచిరి. ఈ ప్రాంతము ఒకప్పుడు ద్రాక్షతోటలకు బేరుపడినది. అనాబెషాహీ ద్రాక్షపందిళ్లు మా చిన్ననాట దారిప్రక్కనే కనబడుచుండెడివి. ఇప్పుడా పందిళ్లున్నచోట ప్రహరీగోడలు, వానిలో నొక్కతీరు మేడలు లేచినవి. ఆ మేడలలో నున్నవారికి సకినములు చేయ దీరిక యుండదు. పండుగ వచ్చినచో తినవలెనని మాత్రముండును. మా చెల్లెలి వ్యాపారమంతయు నీ యొక్క మాటలో నున్నది.

ఆమె మహిళాసంఘమునుండి యప్పు దెచ్చి పిండిమర కొన్నది. ఆహారపదార్థము లమ్మువారికి ప్రభుత్వమువారిచ్చు 14 అంకెల సంఖ్యను సంపాదించి పొట్లములపై నచ్చు వేయించినది. ఇంతవఱకు బుద్ధిమంతురాలే. పిమ్మట, మిగిలిన యప్పుసొమ్ములో పండ్రెండువేల రూపాయలు దీసి, మూడులక్షలమంది యనుచరులు గల యొకానొక వీడియోవారికి బంపినది. వారు సకినమును జేతబట్టి, నలువది సెకనులు మాటలాడి, కొఱికినట్లు నటించి ముగించిరి. చూచినవారు వేలకొలది, కొన్నవారు నలుగురు. ఆ నలుగురిలో నొకరు విశాఖపట్టణము, ఒకరు బెంగుళూరు, ఇద్దఱు దుబాయి. సకినము సంగతి మనకు దెలియనిదా? వేలితో దాకిన విఱుగునది కొరియరు సంచిలో బెంగుళూరు చేరునప్పటికి నూకలైనది. పంపుడుకూలి పొట్లము ధరను మించినది. మూడులక్షలమందిలో మేడ్చలువా రెందఱని ముందే యడిగియుండవలసినది. వీడియోలు చేయువారి ఫోనులోనే, చూచువా రే యూరివారో, స్త్రీలెందఱో, ఏ వయసువారో లెక్క కనబడును, అడిగినచో జూపుదురు. చూపనివారియొద్దకు బోనక్కఱలేదు.

ఈసారి కుదిరిన పిల్ల శామీరుపేట వైపుది. డిగ్రీ చదువుచున్నది. ఆమె వీడియోలు చూచువారు ఎనిమిదివేలకు మించరు. అందు సగముకంటె నెక్కువమంది అల్వాలు, తూముకుంట, కొంపల్లి, మేడ్చలు ప్రాంతములవారే. ఆ పిల్ల వచ్చీరాగానే వంటయింటిలోనికి బోయి నూనెమూకుడు చూచినది, పిండి వాసన చూచినది, పొట్లముపై సంఖ్య చదివినది. ఆపైన మా చెల్లెలిని "ఆంటీ" యని పిలిచినది. ముప్పదియేండ్లు నిండని మా చెల్లెలి మొగము చూడవలెను!

బేరము నేర్పుగనే జరిగినది. రెండు వీడియోలకు రెండువేల రూపాయలు. ఆ పిల్ల పేరు చెప్పి కొన్న పొట్లమునకు ఇరువది రూపాయల చొప్పున వేఱు. పేరు చెప్పి కొనుటలోని సుళువేమనగా, ఎవరివలన నెన్ని పొట్లములు పోయినవో మా చెల్లెలికి లెక్క దెలియును. ఆ వీడియోలను మూడునెలలు మా చెల్లెలు తన పుటలో బెట్టుకొనవచ్చును, మాటలు మాత్రము మార్చరాదు. మావారు బడిలో ప్రశ్నపత్రము వ్రాసినంత శ్రద్ధగా నిదంతయు నొక కాగితముపై వ్రాసి యిద్దఱిచేతను సంతకము చేయించిరి.

చిత్రీకరణమునకు మధ్యాహ్నము శామీరుపేట చెఱువునకు బోయితిమి. మేడ్చలునుండి ఔటరు రింగురోడ్డు ప్రక్కదారిన ఆటోలో బోవచ్చును. శామీరుపేట కరీంనగరు బోవు రాజీవు రహదారిమీది యూరు. చెఱువు పెద్దది, గట్టు దీర్ఘమైనది. చేరువనే జింకలవనము, ఆవల నల్సారు న్యాయవిశ్వవిద్యాలయము గలవు. ఆదివారమగుటచేత నగరమునుండి వచ్చిన కుటుంబములతో గట్టంతయు సందడిగా నుండెను. ఆ పిల్ల తెల్లనిగుడ్డపై మా చెల్లెలిచేత సకినము చుట్టించినది. బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ పిండి నులిసి, వలయముచుట్టు వలయముగా నాలుగు చుట్లు తిరుగునప్పటికి, గట్టుమీది పిల్లలు మూగి నోరు తెఱచి చూచుచుండిరి.

సరకు గలవారును వ్రాతగలవారును చేయి కలుపుట క్రొత్తమాట గాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనము స్థాపించి, సంగీతసభలలో నుచితముగా బంచిపెట్టిరి. ఆ సొమ్ముతోనే 1908లో ఆంధ్రపత్రికను వెలయించిరి. మదరాసులో కేసరిగారు లోధ్ర యను మందు నమ్ముచు, 1928లో గృహలక్ష్మి పత్రికను బెట్టి, స్త్రీలచేత వ్రాయించి, రచయిత్రులకు స్వర్ణకంకణము దొడిగిరి. మన నాటికి పత్రిక స్థానమున ఫోను వచ్చినది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి గంగవ్వగారు ‘మై విలేజ్ షో’లో తన మాట తాను మాటలాడియే యెల్లరకును దెలిసినవారైరి. గుంటూరు వైపు మస్తానమ్మగారు నూఱేండ్లు దాటిన వయస్సున పొయ్యియొద్ద గూర్చుండి చేసిన వంటను లోకమంతయు జూచినది. 2018లో నామె కాలధర్మము చెందిరి.

చిక్కు చివరకు వచ్చినది. ఆ పిల్ల రెండు రకముల సకినములను దిని, ఫోనువైపు జూచి, "నువ్వులవి బాగున్నయి, వామువి కొంచెం గట్టిగున్నయి" అనెను. మా చెల్లెలు నివ్వెఱపోయినది. "డబ్బులిచ్చి తిట్టించుకుంటనా? గట్టిగున్నయంటె ఎవరు కొంటరక్కా? ఆ ముక్క తీసెయ్యమను" అని కన్నీరు పెట్టుకొనెను. సంఘపు వాయిదా పదునైదు దినములలో గట్టవలెను. ఆమె దుఃఖము మాకు దెలియనిది గాదు. మేమును మొదట ఆ మాట తీయించిన బాగుండునని తలచితిమి. ఆ పిల్ల మాత్రము, "కావాలంటే రెండువేలు వాపస్ ఇస్తానంటీ, మాట తీయను. రేపు మా అల్వాలువాళ్లు కొని, గట్టిగున్నయని నన్నే అడుగుతరు" అనెను.

వీడియోక్రింద ‘ప్రకటన’ యని వ్రాయుటకును ఆ పిల్ల యట్లే పట్టుపట్టినది. ఇది యామె చాదస్తము గాదు. సొమ్ముగాని సరకుగాని పుచ్చుకొని చెప్పువారు ఆ సంగతిని, చెప్పెడి భాషలోనే, స్పష్టముగా దెలుపవలెను. తాము వాడిచూడని వస్తువును మెచ్చుకొనరాదు. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థవారు 2022 జూన్ 9వ తేదీన నియమములు వెలువరించిరి. మోసపుప్రకటనకు మొదటిసారి పదిలక్షల రూపాయలవఱకు జుల్మానా వేయవచ్చును. సకినములు చక్కెరవ్యాధికి మందని చెప్పింపవలెనని మా చెల్లెలి మఱది యిచ్చిన సలహా అంతటితో నణగినది.

మేము వామువి యొకటి నోట వేసికొంటిమి. పిల్ల మాట నిజమే, గట్టిగనే యున్నది. నానిన బియ్యమును తడి యారకమునుపే మరపట్టి, ఆ పిండి చెమ్మమీదనే చుట్టవలెను గదా! మర కొన్న యుత్సాహములో మా చెల్లెలు ముందునాడే పట్టి యుంచినది. పిండి పొడిబాఱినచో సకినము పంటికి రాయివలె దగులును. ఈ మాట చెప్పగా నామె కొంతసేపు చెఱువువైపు జూచుచు గూర్చుండి, "ఉండనియ్యి బిడ్డా, కని రేపటినుంచి మెత్తగుంటయని కూడ చెప్పు" అనెను. "రేపు తిని చూసి చెప్తా ఆంటీ" యని యా పిల్ల బదులాడెను.

సాయంకాలము మేడ్చలు చేరునప్పటికి వీడియో వెలువడినది. మేము రైలుకు బోవులోపల మూడు ఫోనులు వచ్చినవి. మూడును నువ్వులవానికే. అందొక కొంపల్లి గృహిణి మాత్రము, వామువి సరిచేసినపిమ్మట తనకు గబురంపుమని చెప్పినది. ఆమె సంఖ్యను గోడమీది క్యాలెండరుపై వ్రాసికొని, మా చెల్లెలు కొంగు నడుమున జెక్కి రెండుశేర్ల బియ్యము కడిగి నానబోయుచుండగా మేము సెలవు పుచ్చుకొంటిమి.