హట్టి గనిలో మా తాత పేరు

మా అమ్మ పోయాక ఆమె ట్రంకుపెట్టె సర్దుతుంటే, చీరల అడుగున ఒక చిన్న కాగితం దొరికింది. ఏదో కార్మిక సంఘానికి నాలుగణాల చందా కట్టిన రసీదు. సంఘం పేరున్న పైభాగం చెదలు తినేశాయి. మిగిలింది ఉర్దూ రాత. బెంగుళూరులో మా పక్కింటి పెద్దాయన కళ్ళజోడు సవరించుకుని చదివి, "ఇది మీ తాతగారి పేరేనమ్మా, పక్కన లోహార్ అని రాశారు" అన్నారు. లోహార్ అంటే కమ్మరి.

మా తాతది గద్వాల. హట్టి బంగారు గనిలో కొలిమి పనికి వెళ్ళాడు. అప్పట్లో గద్వాల, హట్టి రెండూ హైదరాబాదు సంస్థానంలో రాయచూరు జిల్లావే. 1956 నవంబరు 1న గద్వాల, ఆలంపూరు తాలూకాలు ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి, హట్టి మైసూరు రాష్ట్రానికి పోయింది. తాత కొలిమి ముందు నుంచి కదలకుండానే పరాయి రాష్ట్రం వాడైపోయాడు. మనలో ఇలాంటి ప్రవాసాంధ్రులు కూడా ఉన్నారు మరి!

ఆ రసీదు పట్టుకుని, మొన్న దసరా సెలవుల్లో మనవరాలితో కలిసి బయలుదేరాను. సింధనూరు దగ్గర క్యాంపులో మా వియ్యాలవారున్నారు. తుంగభద్ర కాలువ నీళ్ళు వచ్చాక కోస్తా జిల్లాల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. వియ్యపురాలు పులిహోర కట్టిచ్చి, "బంగారం దొరికితే మాకూ ఇంత తెండి వదినగారూ" అని నవ్వింది.

లింగసుగూరు వెళ్ళే దారిలో మస్కి వస్తుంది. అక్కడి కొండ మీద అశోకుడి శాసనం ఉంది. అప్పటిదాకా దొరికిన శాసనాల్లో "దేవానాం ప్రియుడు", "ప్రియదర్శి" అన్న బిరుదులే ఉండేవి. అశోక అన్న అసలు పేరు మొదట కనిపించింది ఇక్కడే, 1915లో. కనిపెట్టినవాడు పురావస్తు శాఖవాడు కాదు, బంగారం కోసం ఈ కొండలు గాలిస్తున్న బీడన్ అనే గని ఇంజనీరు. అదంతా విని మా మనవరాలు, "అమ్మమ్మా, రాజుగారి పేరు దొరికింది కదా, మరి అప్పుడు బంగారం తవ్విన వాళ్ళ పేర్లో?" అంది. నా దగ్గర జవాబు లేదు.

హట్టి చేరాక ఆ ప్రశ్న ఇంకా బరువెక్కింది. ఇక్కడ పూర్వులు సుమారు రెండు వేల ఏళ్ళ క్రితమే 640 అడుగుల లోతు దాకా తవ్వారు. మందుగుండు లేని కాలం. రాతికి మంట పెట్టి, నీళ్ళు చల్లి, పగుళ్ళిచ్చిన చోట కొట్టుకుంటూ దిగారు. వాళ్ళలో ఒక్కరి పేరూ మనకు తెలియదు.

ఇప్పటి గని కథ 1947లో హైదరాబాదు గోల్డ్ మైన్స్ కంపెనీతో మొదలైంది. 1972లో దాని పేరు హట్టి గోల్డ్ మైన్స్ అయింది. 2001 ఫిబ్రవరి 28న కోలారు గనులు మూతపడ్డా ఇది మాత్రం నిలిచింది. టన్ను రాయి పిండి చేస్తే వచ్చే బంగారం కొద్ది గ్రాములే. ఆ రాతిని తొలిచే కడ్డీల మొనలు ఊరికే మొద్దుబారేవి. వాటిని కొలిమిలో ఎర్రగా కాల్చి, దాగలి మీద సమ్మెటతో సాగగొట్టి, పదును పెట్టి మళ్ళీ కిందికి పంపడం మా తాత పని. పదును ఎక్కువైతే మొన విరుగుతుంది, తక్కువైతే అరిగిపోతుంది. "బంగారం తవ్వేది ఇనుమే బిడ్డా" అనేవాడట.

గని దగ్గర టీ కొట్లో ఒక రిటైరైన కార్మికుడు కలిశాడు. నా కన్నడం విని నవ్వి తెలుగులోకి మారాడు. రసీదు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. "అంత పాత పుస్తకాలు నేనూ చూడలేదమ్మా. కానీ ఈ నాలుగణాలు ఊరికే పోలేదు" అన్నాడు.

ఆ మాట ఎంత నిజమో ఇంటికొచ్చి చదివాక తెలిసింది. 1946లో మఖ్దూం మొహియుద్దీన్ అధ్యక్షుడుగా అఖిల హైదరాబాదు ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ ఏర్పడింది. సంస్థానంలో కార్మికులు సంఘం అన్న మాట గట్టిగా పలుకుతున్న రోజులవి. 1926 నాటి ట్రేడ్ యూనియన్ చట్టం ప్రకారం అప్పట్లో ఏడుగురు కలిస్తే సంఘం రిజిస్టరు చేయమని అడగొచ్చు. సభ్యుల పేర్ల పట్టీ రాసి ఉంచాలి. దాన్ని ఏ సభ్యుడైనా చూడొచ్చు. చందా డబ్బుతో ప్రమాదంలో పోయినవారి కుటుంబానికి సాయం చేయొచ్చు. ఊపిరితిత్తుల్లో రాతి దుమ్ము పేరుకునే గనిలో అదేమీ చిన్న మాట కాదు. తర్వాతి కాలంలో హట్టిలో ఎ.ఐ.టి.యు.సి., టి.యు.సి.ఐ., సి.ఐ.టి.యు. సంఘాలు కార్మికుల ఓట్ల కోసం ఎన్నికల్లో పోటీపడ్డాయి.

1930లో కోలారు గనుల కార్మికులు సమ్మె చేశారు. ఎందుకో తెలుసా? యాజమాన్యం రికార్డుకు వేలిముద్రలు ఇమ్మన్నందుకు. దొంగల్లా వేలిముద్రలేమిటని వాళ్ళ బాధ. అలాంటి గని మనిషే తన జీతంలోంచి నాలుగణాలు తీసి, నా పేరు రాసుకోండని సంఘానికి ఇచ్చాడంటే ఆలోచించండి. ఒక చోట పేరు నిఘా కోసం, ఇంకో చోట పేరు తోడు కోసం.

తాత పేరున్న పట్టీ నాకు దొరకలేదు. రసీదును మాత్రం అద్దం కట్టించి దేవుడి గూటి పక్కన పెట్టాను. మనవరాలు కింద తెలుగులో తాత పేరు, "కమ్మరి, హట్టి" అని రాసింది.

మీ ఇళ్ళల్లోనూ రైల్వేలోనో, మిల్లులోనో, గనిలోనో పనిచేసిన పెద్దలుంటారు. వాళ్ళు ఏ సంఘంలో ఉన్నారో ఒకసారి అడగండి. పాత ట్రంకుపెట్టెలు పారేసే ముందు అడుగున చేయి పెట్టి చూడండి.