ఎరుపు పోయిందండీ!

డాక్టరుగారి బల్ల మీదికి ముందొచ్చేది సీసా, ఆ వెనకే జబ్బు సంగతి. డెల్టా పల్లెల నడుమ చిన్న పట్నంలో ఆ కంటి వైద్యుడు ఎన్నేళ్లుగానో ఆ బుల్లి సీసాలు చదువుతూనే ఉన్నారు. పేరు చూడగానే మొహం కందగడ్డవుతుంది. స్టెరాయిడ్ చుక్కలు! చీటీ లేనిదే అమ్మకూడని మందు. కన్నెర్రబడిందంటే చాలు, మెడికల్ షాపు కుర్రాడు అరలోంచి తీసి చేతిలో పెడతాడు.

ఆయన బాధల్లా అది భేషుగ్గా పనిచేస్తుందనే. రెండు రోజుల్లో కన్ను తెల్లబడుతుంది. లోపలి జబ్బు తన పని తాను చేసుకుపోతుంది.

నూర్పిళ్లలో కంట్లో వరిపొట్టు పడిన ఓ రైతు రెండు వారాలు అవే వేసుకున్నాడు. "ఎరుపు పోయిందండీ, మసకే మిగిలింది" అన్నాడు. పొట్టు గీరినచోట బూజు చేరి, నల్లగుడ్డు మీద పుండై, స్టెరాయిడ్ అండతో లోతుకి దిగింది. "మొదటిరోజే వస్తే నీ సొమ్మేం పోయేది బాబాయ్?" అని గసిరారు డాక్టరు. "కోతల రోజులు కదయ్యా." ఆ జవాబుకి ఆయన దగ్గర మందు లేదు. నాటామైసిన్‌తో పుండు మానింది. కంట్లో పువ్వు ఉండిపోయింది.

ఓ తల్లి, ప్రతి ఎండాకాలం కళ్లు నులుముకునే కొడుక్కి రెండేళ్లు "రెండంటే రెండు చుక్కలే" వేసింది. 21 దాటకూడని కంటి ఒత్తిడి 40కి చేరింది. నీటికాసులు. నరం పోగొట్టుకున్న చూపు తిరిగిరాదని చెప్పాల్సి వచ్చినప్పుడు ఆయన గొంతు పెగల్లేదు.

విడ్డూరమేమిటంటే, కంటి లోపలి పొర వాచినవాళ్లకి ఆయనే అవి రాస్తారు, ఒత్తిడి కొలుస్తూ, మెల్లగా తగ్గిస్తూ. వాళ్లేమో నొప్పి తగ్గగానే నాలుగోరోజే ఆపేస్తారు. అక్కర్లేనివాళ్లు మానరు, కావలసినవాళ్లు వాడరు!

ఎర్రకన్నల్లా ముప్పేం కాదు. 2023 వానాకాలంలో తెలుగునాట ఊళ్లను చుట్టేసిన కండ్లకలక చాలామందికి దానంతటదే పోయింది. తెల్లగుడ్డు మీద ఓ మూల ఎర్రజీర, చూపు బాగుండి, నొప్పి అంతంతమాత్రమైతే చల్లని తడిగుడ్డ, కన్నీటి చుక్కలు చాలు. పసర్లూ చనుబాలూ వద్దు. రెండు వారాలకీ తగ్గకపోయినా, మళ్లీమళ్లీ వస్తున్నా చూపించుకోవాలి.

ఎర్రకన్నుతో పాటు మసక, గట్టి నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, దెబ్బ, కాంటాక్ట్ లెన్సు పెట్టుకునే అలవాటు, దీపం చుట్టూ రంగుల వలయాలతో వాంతులు: వీటిలో ఏ ఒక్కటున్నా ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఇంట్లో సగం వాడిన సీసా ఉంటే కంట్లో వేసుకోకండి, వెంట తీసుకెళ్లండి.