ముందు కాగితం, తర్వాత ఉయ్యాల

నెల్లూరు జిల్లా తీరంలో ముత్తుకూరు నుంచి అల్లూరు దాకా రొయ్యల మీద, రేవు మీద, వేట మీద బతికే ఊళ్లలో చంటిపిల్లల్ని చూసుకునే కేంద్రం (క్రెష్) పెట్టాలనుకునే మనిషి చేతిలో ఉన్న తొలి పదివేలు దేనికి ఖర్చు పెట్టాలి? గోడలకు రంగుల బొమ్మలు, నాలుగు ఉయ్యాలలు, గుమ్మం మీద బోర్డు అని మొదలుపెట్టడం మామూలు. నా లెక్కలో ఆ డబ్బు ముందు పోవాల్సింది కాగితాలకు. క్రెష్ ఖర్చును తల్లి కూలి ఒక్కటే మోయలేదు. ఆ బరువుకు చెయ్యి వేయగలిగింది ఆమెకు పనిచ్చే సంస్థ. కాగితం లేని చోటికి ఏ సంస్థా నెలనెలా డబ్బు కట్టదు. అందుకే నమోదును ఖర్చు కింద కాకుండా పెట్టుబడి కింద రాసుకోవాలంటాను.

ఇంగ్లండులో ఇంట్లో పిల్లల్ని చూసుకునేవారు ప్రభుత్వ తనిఖీ సంస్థ ఆఫ్‌స్టెడ్ దగ్గరో, గుర్తింపు ఉన్న ఏజెన్సీ దగ్గరో పేరు రాయించుకుంటారు. మన దగ్గర అలా ఒకే కిటికీ లేదు. వేర్వేరు కార్యాలయాల కాగితాలు కలిస్తేనే అది నమోదైన కేంద్రం. వ్యాపారంగా ఉద్యం నమోదు ఉంది, దానికి ఫీజు లేదు. కార్మిక శాఖ దగ్గర దుకాణాలు, సంస్థల చట్టం కింద నమోదు, పంచాయతీ లేదా మున్సిపాలిటీ అనుమతి, వండి పెట్టే పనైతే ఆహార భద్రతా నమోదు, పనిచేసే ప్రతి ఒక్కరికీ పోలీసు విచారణ పత్రం కావాలి. వీటన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: పెడుతున్నది ప్లే స్కూలా, క్రెషా? జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ మార్గదర్శకాల ప్రకారం ప్లే స్కూల్లో మూడేళ్లు నిండని బిడ్డను చేర్చుకోకూడదు. ఏడాదిన్నర బిడ్డను తీసుకుంటూ బోర్డు మీద ప్లే స్కూల్ అని రాయిస్తే, రేపు తనిఖీకి వచ్చినవారి ముందు నిలవలేం. క్రెష్‌కు కొలమానం వేరు. 2018లో కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి శాఖ ఇచ్చిన కనీస ప్రమాణాల ప్రకారం మూడేళ్లలోపు పిల్లలు పదిమందికి ఒక కార్యకర్త, ఒక్కో బిడ్డకు 10 నుంచి 12 చదరపు అడుగుల చోటు ఉండాలి. పిల్లలున్న వేళ ఎలక్ట్రీషియన్, ప్లంబరు వంటి బయటివారిని లోపలికి రానివ్వకూడదు. ఇవి ప్రధానంగా పనిచోట్ల క్రెష్‌ల కోసం రాసినవే. అయినా సంస్థలకు చూపించాల్సినవారికి ఇంతకు మించిన కొలత లేదు. ఇక్కడే చాలామంది పొరబడతారు కనుక ఇంకో మాట. బాల న్యాయ చట్టం కింద తప్పనిసరి నమోదు అనాథ పిల్లల వసతి గృహాల వంటివాటికి. ఉదయం వదిలి సాయంత్రం తీసుకెళ్లే క్రెష్‌కు ఆ దారి కాదు.

ఇక డబ్బు. అంకెలన్నీ ఉజ్జాయింపుగా వేసినవే. ఎవరి ఊరి ధరలు వారు పెట్టుకోవాలి. మూడేళ్లలోపు పదిమంది పిల్లలనుకుందాం. కార్యకర్తకు 10,000, ఆయాకు 7,000, అద్దె 4,000, ఒక్కో బిడ్డకు రోజుకు 25 రూపాయల చొప్పున 26 రోజుల పాలకు, తిండికి 6,500, కరెంటు, గ్యాసు, శుభ్రతకు 2,500. మొత్తం 30,000. అంటే బిడ్డకు మూడు వేలు. రొయ్యలు వలిచే తల్లికి రోజుకు 400 పడుతుందనుకున్నా, 25 రోజులకు పది వేలు. అందులో మూడు వేలు క్రెష్‌కే పోతే ఆమె పనికి పోవడం దేనికి? పోనీ ఫీజు వెయ్యికి తగ్గిస్తే కేంద్రానికి నెలకు 20,000 లోటు. జీతాల్లో కోత పెట్టి దాన్ని పూడిస్తే బిడ్డల మీద చూపు తగ్గుతుంది, అది ఎవరూ చేయకూడని పని. ఆ 20,000 సంస్థ నుంచే రావాలి.

ఎందుకిస్తారన్న ప్రశ్నకు జవాబు చట్టంలోనే ఉంది. 2017 ప్రసూతి ప్రయోజన సవరణ చట్టం సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచడంతో పాటు, 50 మంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థలో క్రెష్ ఉండాలంది. యాభై మంది ఆడవాళ్లని కాదు, ఉద్యోగులంతా కలిసి యాభై. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకునే హక్కు కూడా అందులోనే ఉంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్ ఇదే బాధ్యతను కొనసాగించింది. సొంతంగా కట్టక్కర్లేదు, కొన్ని సంస్థలు కలిసి ఉమ్మడి క్రెష్ వాడుకోవచ్చనీ, ప్రైవేటువారిది, స్వచ్ఛంద సంస్థది కూడా చెల్లుతుందనీ దారి చూపింది. చిన్న కేంద్రానికి తలుపు తెరిచిన వాక్యం అదే. పక్కపక్కనున్న రెండు మూడు యూనిట్లు తలా కొంత వేసుకుంటే పదిమంది పిల్లల ఖర్చు ఎవరికీ భారం కాదు.

అవ్వ ఉండగా క్రెష్ ఎందుకు అంటారు. తీరం ఊళ్లలో ఆ అవ్వ కూడా చేపల గంప ఎత్తుకునో, నారుమడికో పోతూనే ఉంటుంది. ఇంటిపట్టున ఉన్నా ఆమె శ్రమకు వెల లేదని అనుకోవడం ఇంటి లెక్కల్లో పాత తప్పు. అంగన్‌వాడీ ఉందిగా అనేది ఇంకొంచెం బరువైన మాట. అంగన్‌వాడీలో కూర్చోబెట్టి బడి ముందటి చదువు చెప్పేది మూడేళ్లు దాటినవారికి. అంతకంటే చిన్నవారికి సాధారణంగా ఇంటికి సరుకులిస్తారు. 2022 నుంచి పాల్నా పథకం కింద అంగన్‌వాడీతో కలిపి క్రెష్‌లు పెడుతున్నారు, అది మంచి అడుగు. మన ఊళ్లో అలాంటిది ఉంటే పోటీకి వేరేది పెట్టడం తెలివి కాదు, ముందు అది కనుక్కోవాలి. అన్నిటికంటే గట్టి అభ్యంతరం మూడోది: కూలీలు మేస్త్రీ కింద ఉంటారు, కంపెనీ పుస్తకాల్లో యాభై పేర్లే ఉండవు, చట్టం చూపించి లాభమేమిటి? నిజమే. అలాంటి చోట చట్టం పేరుతో పోతే గేటు దగ్గరే ఆపుతారు. అక్కడ హాజరు మాట ఎత్తాలి. బిడ్డకు జ్వరమొస్తే తల్లి రాదు, సరుకు ఐసులో ఆగుతుంది. ఆ నష్టం మేస్త్రీకీ తెలుసు, మేనేజరుకీ తెలుసు. చట్టం అవసరం ఒప్పందం రాసుకునేటప్పుడు పడుతుంది.

ఆ ఒప్పందం ఒంటరి మనిషి పేరున కంటే సంఘం పేరున ఉంటే మేలని నా నమ్మకం. ఈ జిల్లాకు అది కొత్త కాదు. 1992లో దూబగుంట ఆడవాళ్లు కదిలించిన సారా వ్యతిరేక ఉద్యమం వెనువెంటే రోజుకు రూపాయి దాచే పొదుపు లక్ష్మి సంఘాలు పుట్టింది నెల్లూరులోనే. సంఘం అప్పు గేదెకు, చీరల వ్యాపారానికి పోతోంది, క్రెష్‌కూ పోవచ్చు. పైగా కార్యకర్త మంచానపడితే ఆ రోజు నిలబడడానికి ఇంకో సభ్యురాలు ఉంటుంది. వస్తువులకు ముద్రా శిశు రుణం 50,000 దాకా పూచీకత్తు లేకుండా దొరుకుతుంది.

అప్పుతో చేయకూడనిది ఒకటుంది, అది నిల్వ నిధి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. సరుకు తగ్గినప్పుడు రొయ్యల కంపెనీల్లో పనీ తగ్గుతుంది. 2015లో, 2021లో నవంబరు వరదలు ఎలా ముంచాయో ఇక్కడివారికి చెప్పక్కర్లేదు. పదిమందిలో నలుగురు మానేస్తే పాలు, తిండి ఖర్చు 2,600 తగ్గుతుంది, రాబడి 12,000 తగ్గుతుంది. పిల్లలున్నా లేకున్నా కదలని ఖర్చు నెలకు 23,500. మూడు నెలలకు 70,500. ఆ సొమ్ము సంఘం పొదుపులో పక్కన పెట్టాకే తలుపు తీయాలి. సంస్థ కట్టే వాటా తలకింతని కాకుండా, ఖాళీ నెలల్లో కూడా సీటుకింతని ఒప్పందంలోనే రాయించుకోవాలి.