కొత్త వైన్, పాత వైన్, మన పాత బియ్యం

ఈసారి వైన్ గురించి రాస్తున్నా, నవ్వకండి. పోయినేడు ఫ్రాన్సులో చదువుకుంటున్న మా అమ్మాయి దగ్గరికి వెళితే, బోర్డో దగ్గర ద్రాక్షతోటలు చూపించింది. ఆ ప్రాంతం పేరు మెడాక్. మన మెదక్ కాదండోయ్! గులకరాళ్ళ నేల.

ఒకే తోట వైన్ రెండు గ్లాసుల్లో కొంచెం కొంచెం పోశారు. ఒకటి రెండేళ్ళది, ఒకటి ఇరవై ఏళ్ళది. ముందు తెల్ల కాగితం మీద గ్లాసు వంచి రంగు చూడాలి. తర్వాత గ్లాసు గుండ్రంగా తిప్పి వాసన చూడాలి. ఆఖర్న ఒక గుక్క నోరంతా తిప్పి, బకెట్లో ఉమ్మేయాలి.

కొత్తది అచ్చం నేరేడు పండు రంగు. చిత్రిక పట్టిన చెక్క వాసన కూడా వచ్చింది. 225 లీటర్ల ఓక్ పీపాల్లో ఉంచుతారు కదా, అందుకు. నోట్లో పోసుకుంటే పచ్చి అరటికాయ కొరికినట్టు నాలుక పట్టేసింది. "ఇది బాలేదమ్మా" అన్నా. తోటావిడ నవ్వింది. ఆ వగరును టానిన్ అంటారట. తొక్కలోంచీ గింజలోంచీ వస్తుంది. అది ఉంటేనే వైన్ ఏళ్ళ తరబడి నిలుస్తుందట.

పాతది ఇటుక రంగుకు తిరిగింది. అడుగున మడ్డి దిగింది. వాసన చూడగానే మా నాన్న కట్టిన పొగాకు మండె గుర్తొచ్చింది. తడిసిన ఆకులు, పుట్టగొడుగులు, తోలు కూడా గుర్తొచ్చాయి. వగరు ఉంది గానీ కరవలేదు. ఉమ్మేశాక కూడా రుచి చాలాసేపు పోలేదు.

అలాగని పాతదంతా గొప్ప కాదు. బోజొలే ప్రాంతంలో ఆ ఏటి ద్రాక్షతో చేసిన వైన్‌ని నవంబర్ మూడో గురువారం అమ్మకానికి పెడతారు. అది వెంటనే తాగాల్సిందే. మన సంక్రాంతి పొంగలికి కొత్త బియ్యం ఉన్నట్టు. అన్నానికి మాత్రం పాత బియ్యమే కావాలి మనకు.

నన్ను ఆలోచనలో పడేసింది ఇంకోటి. బోర్డోలో పేరున్న తోటలవాళ్ళు కోత అయిన మరుసటి వసంతంలోనే, వైన్ ఇంకా పీపాలో ఉండగానే అమ్ముతారు. కొన్నవాళ్ళు ముందే డబ్బు కట్టి, సీసా కోసం ఏడాదికి పైగా ఆగుతారు. తర్వాత ధర పెరిగితే లాభం ఎక్కువగా దాచుకున్నవాడిదే.

మన కథ కూడా అంతే కదా! అప్పు తీర్చాలని నా బీపీటీ ధాన్యం కళ్ళంలోనే తూకం వేశా. ఏడాది తిరిగాక అదే రకం పాత బియ్యం కొట్లో ధర అడిగి, మాట్లాడకుండా వచ్చేశా. మన పంటకు వయసు వస్తే విలువ పెరుగుతుందని మనకు తెలుసు. ఆగే స్తోమతే లేదు.

ఈ ఏడు పదిహేను బస్తాలు అమ్మకుండా ఉంచుతున్నా. అంతకు మించి ఆగలేను. ధాన్యం ఏడాది నిలవ పెట్టినవాళ్ళు ఉంటే, పురుగు పట్టకుండా ఏం చేశారో కింద రాయండి. నాకు అవసరం.