మా అంబాసిడర్‌కి మంగళం

మన సినిమాల్లో పాత కారుకి రెండే వేషాలు. స్టార్టవకపోతే కామెడీ. ఆఖరి రీల్లో స్టార్టయితే క్లైమాక్సు! మా పాకలో కారు ఈ రెంటిలో ఏ వేషమూ వెయ్యలేదు. పంతొమ్మిదేళ్లు ఇటుకల మీద కూర్చుంది. అన్నేళ్లలో ఒకే ఒక్కసారి, నాలుగంటే నాలుగే నిమిషాలు గుర్రుమని, మళ్లీ నిద్రపోయింది.

2025 అక్టోబరులో దాన్ని అమ్మేశాం. "అయ్యో, అమ్మేశారా!" అన్నవాళ్లే అందరూ. "ఇన్నాళ్లూ ఎందుకు ఉంచారూ?" అని ఒక్కరూ అడగలేదు. అడిగితే చెప్పడానికి నా దగ్గర జవాబుంది. అది తెలుసుకోవడానికే ఇంతకాలం పట్టింది మరి! అడక్కపోయినా మీకు చెప్పేస్తాను.

మాది కపిలేశ్వరపురం. గౌతమి గట్టు దిగితే మా వీధి. మా ఊరి పేరు చెప్పగానే పెద్దవాళ్లకి హరికథ పాఠశాల గుర్తొస్తుంది. నాకు మాత్రం చిన్నప్పట్నుంచీ సినిమాలే లోకం. ఆ లోకంలోకి చెయ్యి పట్టుకు తీసుకెళ్లింది మా బావ, అంటే అక్క భర్త. ఆయన కుర్రాడిగా ఉండగా గోదావరి ఒడ్డుకి ఏదో షూటింగు వచ్చిందట. తెల్ల అంబాసిడర్లు వరసగా వచ్చి ఆగాయట. "హీరో దగ్గరికి ఎవర్నీ పోనివ్వలేదురా. కార్ల దగ్గర కాపలా లేదు. ఒక్కో కారూ ముట్టుకుని మరీ చూశాను" అని ఎన్నిసార్లు చెప్పారో!

ఆ బావ పెద్దయ్యాక కువైట్ వెళ్లి డ్రైవరయ్యారు. పగలంతా యజమానిగారి కొత్త కొత్త కార్లు తోలడం, రాత్రి గదికొచ్చి సొంత అంబాసిడర్ గురించి కలలు కనడం. 2006లో సెలవుకొచ్చినప్పుడు మండపేటలో ఓ రైసుమిల్లు వెనక గడ్డిలో కూరుకుపోయిన కారొకటి మా కంటబడింది. 1968 మోడల్ మార్క్ టూ. బేరమాడితే 18 వేలకి వచ్చింది. ట్రాక్టరుకి కట్టి లాక్కొచ్చి, కొబ్బరికాయలు పోసుకునే పాక ఖాళీ చేసి అందులో పెట్టాం. "రెండేళ్లలో రెడీ చేసి మీ అక్కని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని అన్నవరం వెళ్లాలి" అన్నారు బావ. అదీ ముహూర్తపు షాట్!

ఇప్పటి కుర్రకారుకి అంబాసిడర్ అంటే సినిమాలో మంత్రిగారి కారు, అంతే కదా. ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే కారు ఉండేది. దాని మూడో సిరీసే మన దేశానికొచ్చి అంబాసిడర్ అయింది. కలకత్తా దగ్గర ఉత్తర్‌పాడాలో హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు 1957లో మొదలెట్టి, 2014 మే 24న ఆపేశారు. మధ్యలో ఓ కాలం ఉండేది, కారుకి డబ్బు కట్టి ఏళ్లతరబడి వంతు కోసం ఎదురుచూసే కాలం. మార్క్ టూలో గేరు కర్ర స్టీరింగు పక్కనే ఉంటుంది. ముందు ఒకటే పొడుగాటి సీటు. ముగ్గురు కూర్చుని కబుర్లు చెప్పుకోవచ్చు.

అంతా బాగానే ఉంది. కానీ లారీకి ఉన్నట్టు ఈ కారుకి విడిగా ఛాసిస్ ఉండదు. అడుగు రేకు, తలుపుల కింద గడపలు, పైన గుల్ల అన్నీ కలిసి ఒకే ఎముకల గూడు. అడుగు తుప్పు పట్టిందా, నడుం విరిగినట్టే. మా గోదావరి గాలి సంగతి మీకు తెలుసుగా. ఉప్పు డబ్బాలో ఉప్పే నీరుకారిపోతుంది, ఇనుమెంత!

పైగా పాత యజమానెవరో పెట్రోలు ఖర్చు భరించలేక వ్యాను డీజిలు ఇంజను బిగించాడు. బావ ఒప్పుకోలేదు. "వేషం అంబాసిడర్‌ది, గొంతు వ్యానుదీనా? డబ్బింగు సినిమాలా ఉంటుందిరా" అన్నారు. అసలు ఇంజను, అంటే 1489 సి.సి. పెట్రోలు ఇంజను కోసం 2011లో రాజమండ్రి నుంచి హౌరా రైలెక్కాను. కలకత్తా మల్లిక్ బజార్లో పాత కార్ల సామాను గుట్టలుగుట్టలుగా ఉంటుంది. మూడు రోజులు తిరిగి ఒకటి సంపాదించాను. డబ్బు బావది, కాళ్లు నావి.

మా మేస్త్రి పిస్టన్లు మార్చి, ట్యాపెట్లు సర్ది, 2014 మే నెలలో స్టార్టు చేశాడు. అవే ఆ నాలుగు నిమిషాలు! పాక నిండా పొగ. వీధిలో పిల్లలంతా చప్పట్లు. నేను కువైట్‌కి ఫోను కలిపి సైలెన్సరు దగ్గర పెట్టాను. అవతల బావ ఏం మాట్లాడలేదు. మరికొద్ది రోజులకే పేపర్లో చదివాం, ఉత్తర్‌పాడా ఫ్యాక్టరీలో పని ఆగిపోయిందని.

మామూలు సినిమాలో ఇక్కడ శుభం కార్డు పడాలి. మాకు ఇంటర్వెల్లే పడింది. పెద్ద పని కళ్లముందు కనిపించింది. అడుగు రేకంతా కోసి కొత్తది వెల్డింగు చెయ్యాలి. బ్రేకులు, వైరింగు, సీట్లు, పెయింటు... చిల్లర పనులు రెండేళ్లు లాగించి, 2016లో క్లచ్ ప్లేటు తెప్పించాం. ఆ తర్వాత ఆ కారు మీద నేను ఒక్క నట్టు కూడా విప్పలేదు. విజయవాడ ఆటోనగర్ వెళ్లినప్పుడల్లా మాత్రం ఏదో ఒకటి కొనేవాణ్ణి. హెడ్‌లైటు రింగులు, డోరు రబ్బర్లు. అన్నీ మంచం కిందికే.

ప్రతి శుక్రవారం, సెలవు రోజున, బావ ఫోను చేసేవారు. "కారెలా ఉంది?" "బాగానే ఉంది బావా." మామూలు ఇళ్లలో ఆరోగ్యం గురించి అడుగుతారే, మాకది అలాంటి కుశల ప్రశ్న అయిపోయింది.

ఇక ఒక రాత్రి సంగతి చెప్పాలి. 2022 జూలైలో గోదావరికి పెద్ద వరద. ధవళేశ్వరంలో మూడో ప్రమాద హెచ్చరిక ఎగిరింది. లంకల్లోకి నీళ్లొచ్చాయి. 1986 వరద చూసిన ముసలాళ్లు గట్టు మీద లాంతర్లేసుకుని కూర్చున్నారు. గట్టు తెగుతుందని పుకారు పుట్టింది. అప్పుడు నేనెక్కడున్నానో తెలుసా? పాకలో! జాకీ వేసి కారు కింద ఇంకో వరస ఇటుకలు పేరుస్తున్నాను. అరగంట తర్వాత ఇంట్లోకి వెళితే మా అమ్మ మంచం మీద కూర్చునుంది. ఒళ్లో బట్టల మూట, చేతిలో మందుల డబ్బా. "అయిందా నాయనా? ఇప్పుడు నన్ను మేడ మీదికి ఎక్కిస్తావా?" అంది. కోపంగా కూడా అనలేదు.

గట్టు తెగలేదు. ఆ మాట మాత్రం నా చెవిలో ఉండిపోయింది.

2023లో బావ కువైట్ వదిలి వచ్చేశారు. వచ్చిన రోజే పాకలోకెళ్లి బానెట్టు మీద చెయ్యేసి నిమిరి, "మొదలెడదాం" అన్నారు. "మొదలెడదాం బావా" అన్నాను. ఇద్దరం కాఫీ తాగడానికి వెళ్లిపోయాం. అలా రెండేళ్లు కాఫీలు తాగాం.

ఈలోగా చట్టాలు మారాయి. పదిహేనేళ్లు దాటిన సొంత కారుకి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషను రెన్యువల్ చేయించాలి. 600 రూపాయలుండే ఆ రుసుము 2022 ఏప్రిల్ నుంచి 5 వేలైంది. ఇరవయ్యేళ్లు దాటిన కార్లకి 2025 ఆగస్టులో 10 వేలు చేశారు. యాభయ్యేళ్లు దాటిన బళ్లకి వింటేజి రిజిస్ట్రేషను అని 2021లో ఇంకో దారి పెట్టారు. దానికి 20 వేలు కట్టాలి, పదేళ్లు చెల్లుతుంది. కానీ గుల్లా, ఇంజనూ పెద్దగా మార్చకుండా అసలువే ఉండాలి. మా కారుకి ఎన్ని గుండెలు మార్చామో చెప్పానుగా! పోనీ వచ్చిందే అనుకోండి, ఆ నంబరుతో రోజూ తిరగకూడదు. ప్రదర్శనకీ, ర్యాలీకీ, పెట్రోలుకీ, రిపేరుకీ మాత్రమే రోడ్డెక్కాలి. అన్నవరం యాత్ర ఆ జాబితాలో లేదు!

సెప్టెంబరులో హైదరాబాదు నుంచి ఒకాయన వచ్చాడు. పాత రోజుల కథలతో తీసే సినిమాలకి కార్లు అద్దెకిస్తాడట. చుట్టూ తిరిగి చూసి 90 వేలిస్తానన్నాడు. నేను ఉండబట్టలేక అడుగు తుప్పు సంగతి చెప్పేశాను. నవ్వాడు. "సినిమాలో కారు నడవక్కర్లేదండీ, నడిచినట్టు కనిపిస్తే చాలు. వెనకనించి నలుగురు కుర్రాళ్లు తోస్తారు" అన్నాడు. వారం గడువిచ్చి వెళ్లాడు.

నా ఖర్చుల పుస్తకం తీశాను. అప్పటికి మూడు లక్షల పన్నెండు వేలు. పూర్తి చెయ్యడానికి ఇంకో రెండున్నర లక్షలు. పాత ఇనుము కొట్టుకి వేస్తే ముప్ఫై వేలు. లెక్క ఎటు చూసినా ఒకటే చెబుతోంది. మనసు లెక్కల్లో పుట్టదు కదా!

ఆ వారంలో రెండు సినిమాలు చూశాను. రెండూ 1958వే, రెంటిలోనూ ముసలి షెవర్లే కారుంది. ఒకటి 'చల్తీ కా నామ్ గాడీ'. అందులో కిషోర్ కుమార్ అన్నదమ్ముల డొక్కు కారు పందెంలో గెలుస్తుంది. రెండోది ఋత్విక్ ఘటక్ తీసిన బెంగాలీ సినిమా 'అజాంత్రిక్'. అందులో బిమల్ అనే టాక్సీ డ్రైవరు తన కారుకి జగద్దల్ అని పేరు పెట్టుకుని మనిషిలా చూసుకుంటాడు. ఉన్నదంతా ఖర్చుపెట్టి బాగుచేస్తాడు. అది బాగవదు. చివరికి తుక్కుకి పోతుంది. బిమల్ ఏడుస్తుంటే, పక్కన ఓ పసివాడు ఆ కారు హారను పట్టుకుని మోగిస్తూ నవ్వుతుంటాడు. అది చూసి బిమల్ కూడా నవ్వుతాడు. ఇన్నాళ్లూ మాది మొదటి సినిమా అనుకున్నాను. రెండోది చూశాక నిద్ర పట్టలేదు.

గడువు రేపనగా అక్క ఇంటికెళ్లాను. అరుగు మీద బావ.

"బావా, మీకు బాధనిపిస్తే ఇవ్వొద్దు. ఉంచేద్దాం" అన్నాను.

ఆయన నావైపు వింతగా చూశారు. "నాకేంట్రా బాధ? ప్రాణం పెట్టుకున్నది నువ్వు కదా! నువ్వు చిన్నబుచ్చుకుంటావని నేను నోరెత్తలేదు."

"నేను మీ కోసం ఉంచాను బావా!"

"2016లో క్లచ్ ప్లేటుకి డబ్బు పంపానే, ఆ నెల పెద్దమ్మాయి ఫీజు అప్పు చేసి కట్టాను. అప్పుడే అనిపించింది, చాలు అని."

నాకు నోట మాట రాలేదు. నేను ఆఖరి నట్టు బిగించింది కూడా ఆ ఏడాదే.

లోపల్నించి అక్క చేతిలో గరిటెతో వచ్చింది. "అన్నవరం ఎవర్ని తీసుకెళ్లాలనర్రా మీ ఇద్దరూ?"

"నిన్నే కదక్కా."

"కారెక్కితే నాకు వాంతులవుతాయని పెళ్లైన కొత్తలోనే మీ బావకి చెప్పాను. ఏటేటా బస్సులో కిటికీ పక్కన కూర్చుని హాయిగా వెళ్లొస్తున్నాను. నన్నొక్కసారి అడిగారా?"

బావ నవ్వడం మొదలెట్టారు. నేనూ నవ్వాను. నవ్వీ నవ్వీ ఆయన కళ్లు తుడుచుకున్నారు. అది నవ్వుకో, దేనికో, నేనడగలేదు.

మా ఊరి హరికథల్లో ఒక పద్ధతుంది. కథ ఎంత రంజుగా సాగినా చివర మంగళం పాడాలి. పాడకపోతే కథ ఆగినట్టే గానీ పూర్తయినట్టు కాదు. మేం కారుని వదిలేసింది 2016లో. ఒప్పుకున్నది 2025లో. మధ్యలో ఆ తొమ్మిదేళ్లు మోసిన బరువు కారుది కాదు, మంగళం పాడకపోవడానిది. నిజానికి బిమల్ మాకంటే నయం. జగద్దల్‌ని ప్రేమించినంత కాలం ప్రేమించాడు, పోయినప్పుడు ఏడ్చాడు. మేం రెండూ చెయ్యలేదు.

లారీ వచ్చిన రోజు మంచం కింద సామానంతా డిక్కీలో సర్దేశాం. అమ్మకం కాగితాల మీద సంతకాలయ్యాయి. "స్టీరింగైనా గుర్తుగా ఉంచుకోరా" అన్నాడో స్నేహితుడు. ఒద్దన్నాను. సగం కారుతో పడ్డది చాలు. బావ, నేను, ఇద్దరు కుర్రాళ్లు కలిసి తోసి పలకల మీదుగా లారీ ఎక్కించాం. పాకలో చేరాక ఆ కారు చక్రాల మీద కదలడం అదే మొదటిసారి. వచ్చిన 90 వేలూ బావ చేతికే ఇచ్చాను. వద్దన్నారు గానీ అక్క తీసుకుంది. పాకలో మళ్లీ కొబ్బరికాయలు పోశాం.

మీ దగ్గరా ఉండే ఉంటుంది ఓ అంబాసిడర్. సగం రాసిన స్క్రిప్టో, తీగలు తెగిన గిటారో, షెడ్డులో నాన్నగారి స్కూటరో. అమ్మెయ్యమనీ, ఉంచుకోమనీ నేను చెప్పను. రెండు ప్రశ్నలు మాత్రం వేసుకోండి. ఆఖరిసారి నట్టు ఎప్పుడు విప్పారు? ఎవరి కోసమని ఉంచారో వాళ్లని ఒక్కసారైనా అడిగారా? రెంటికీ మంచి జవాబులుంటే, ఇవాళ సాయంత్రమే స్పానరు పట్టుకోండి!

ఇప్పుడు పాత రోజుల కథతో ఏ సినిమా వచ్చినా ముగ్గురం కలిసి మండపేట వెళుతున్నాం. జనం హీరోని చూస్తారు. మేం హీరో వెనక వీధిలో నిలిపిన కార్లని చూస్తాం. ఇంకా కనబడలేదు. అక్క మాత్రం ఇప్పటికి రెండుసార్లు "అదిగో మన కారు!" అని అరిచింది. మొదటిది వేరే అంబాసిడర్. రెండోది ఫియట్టు!